అవతలి తీరంలోనే ఉండిపోయిన పెళ్లికూతురు: అమెరికా కంట్రీ పాటలో సైనికుడి విదేశీ ప్రేమ (ఏడవ భాగం)

అమెరికా కంట్రీ సంగీత చరిత్రలో 1957వ సంవత్సరానికి ఒక విశిష్టత ఉంది. టెనెసీ రాష్ట్రంలో పుట్టిన లాటన్ విలియమ్స్ అనే గీతరచయిత రాసిన రెండు పాటలు, ఒకటి జర్మనీ యువతిని గురించినదీ మరొకటి జపాన్ యువతిని గురించినదీ, కొద్ది నెలల తేడాతో ఆ ఏడాదే జనంలోకి వెళ్లి, పల్లెపట్టుల రేడియోల్లోనూ, నాణెం వేస్తే కోరిన రికార్డును వినిపించే జూక్‌బాక్స్ యంత్రాల్లోనూ ఎడతెరిపి లేకుండా మోగాయి. అంతకు పన్నెండేళ్ల కిందటి వరకు ఆ రెండు దేశాలూ అమెరికాకు శత్రుదేశాలు. ఆ దేశాల సైన్యాలతో పోరాడి కొడుకులనూ అన్నదమ్ములనూ పోగొట్టుకున్న ఇళ్లలోనే, ఆ దేశాల ఆడపిల్లలపై ప్రేమను చాటిన పాటలకు అంత ఆదరణ ఎలా దక్కిందన్నదీ, ఆ ఆదరణ ఏ గీత దగ్గర ఆగిపోయిందన్నదీ ఈ భాగానికి విషయం.

కంట్రీ సంగీతం అమెరికా దక్షిణాది పల్లెల్లో, అపలాచియన్ కొండసీమల్లో పుట్టినది. బ్రిటన్, ఐర్లండ్ దేశాల నుంచి వలస వచ్చినవారు వెంట తెచ్చుకున్న కథాగేయాలు, నల్లజాతి వారి బ్లూస్ గానం, చర్చి కీర్తనలు అందులో కలగలిశాయి. 1920లలో అది గ్రామఫోను రికార్డులకెక్కి, ఫిడేలు, గిటారు, బాంజోల తోడుతో పొలం పనివాళ్లకూ గని కార్మికులకూ ఇంటి సంగీతమైంది. గత భాగంలో ప్రస్తావనకు వచ్చిన 'సోల్జర్స్ లాస్ట్ లెటర్' వంటి యుద్ధకాలపు పాటల్లో సైనికుడి మనసు తల్లి చుట్టూ, సొంత ఊరు చుట్టూ, ఇంటి దగ్గర ఎదురుచూసే ప్రియురాలి చుట్టూ తిరుగుతూ ఉండేది. పరాయిదేశపు ప్రియురాలు ఈ సంగీతంలో ఒక ప్రధాన పాత్రగా నిలబడింది మాత్రం యుద్ధం ముగిసి, ఆక్రమణ సైన్యంగా అమెరికా కుర్రవాళ్లు ఏళ్ల తరబడి విదేశాల్లో కాపురం ఉండవలసి వచ్చిన తరువాతనే.

అయితే ఆ పాత్రకు బీజం అంతకు అర్ధశతాబ్దం ముందే పడింది. 1898 మే 1న అమెరికా నౌకాదళం మనీలా అఖాతంలో స్పెయిన్ నౌకలను ముంచివేయడంతో ఫిలిప్పీన్స్ దీవులు అమెరికా చేతికి చిక్కాయి. వెనువెంటనే స్వాతంత్ర్యం కోరిన ఫిలిపినోలతో అమెరికా సైన్యం దీర్ఘకాలం రక్తపాతం సాగించింది. ఆ రోజుల్లోనే 'ఆఫ్టర్ ద బాల్' అనే పాటతో లక్షల కొద్దీ స్వరపత్రాలు, అంటే పియానో మీద వాయించుకొని పాడుకొనేందుకు అచ్చువేసి అమ్మే పాట కాగితాలు, అమ్ముకున్న చార్లెస్ కె. హ్యారిస్ మనీలా ప్రియురాలిని తలుచుకొనే నావికుడి మీద ఒక పాట కట్టాడు. ఆనాటి రంగస్థలం మీద నల్లజాతివారిని హేళన చేస్తూ చెలామణీ అయిన పాటల ధోరణిలో రాసినది కావడం వల్ల దానిలో నావికుడు నల్లజాతివాడు. ప్రేమను చెబుతున్నట్టు కనబడుతూనే అది ఇద్దరినీ చిన్నచూపు చూసింది.

ఆ పాట పట్నాల్లో మరుగునపడినా పల్లెల నోట బతికింది. 1937లో పశ్చిమ వర్జీనియాకు చెందిన బిల్ కాక్స్ దానిని కంట్రీ బాణీలో రికార్డు చేశాడు. 1946లో 'ఫిలిపినో బేబీ' పేరుతో కౌబాయ్ కోపస్, ఎర్నెస్ట్ టబ్, టి. టెక్సస్ టైలర్ ముగ్గురూ వేర్వేరుగా పాడగా ముగ్గురి రికార్డులూ జనాదరణ పట్టికకెక్కాయి. పసిఫిక్ యుద్ధంలో లక్షలాది అమెరికన్లు ఆ దీవుల గుండా నడిచి వచ్చిన మరుసటి ఏడాది కావడంతో, తాతల కాలపు నౌక కథ వారికి నిన్నమొన్నటి సొంత అనుభవంలా వినిపించి ఉంటుంది. పాట నడక కూడా గమనించదగ్గది. మనీలా విడిచి సాగుతున్న యుద్ధనౌక మీద ఒక నావికుడు తన ప్రియురాలి ఫోటో తీసి తోటివారికి చూపుతాడు, ఆమెను మురిపెంగా పొగుడుతాడు, చివరకు అమెరికా తీరం నుంచి తిరిగి ఆ దీవికే వెళ్లి నౌకా సిబ్బంది సమక్షంలో ఆమెను పెళ్లాడతాడు. పెళ్లి జరిగింది, కాని ఆమె దీవిలోనే జరిగింది. కరొలైనాలోని అత్తవారింటి గడపను ఆమె తొక్కినట్టు పాటలో ఎక్కడా లేదు.

ఈ ఒక్క సంగతిని గుర్తుంచుకుంటే తరువాతి పాటల తీరు తేటపడుతుంది.

రెండవ ప్రపంచ యుద్ధం కంట్రీ సంగీతాన్ని దాని పుట్టింటి నుంచి బయటికి లాక్కొచ్చింది. దక్షిణాది పల్లె కుర్రవాళ్లు గిటార్లతో సహా శిక్షణ శిబిరాలకు వెళ్లారు. అంతవరకు ఆ సంగీతాన్ని మోటు సంగీతంగా చూసిన ఉత్తరాది పట్నపు కుర్రవాళ్లు ఒకే బారకులో పడుకొని రాత్రిళ్లు దానిని విన్నారు. నాష్‌విల్ నగరం నుంచి ప్రతి శనివారం రాత్రి ప్రసారమయ్యే 'గ్రాండ్ ఓల్ ఓప్రీ' అనే రేడియో సభ కళాకారులు 1941లోనే బస్సులు కట్టుకొని సైనిక శిబిరాల్లో కచేరీలు చేశారు. విదేశాల్లోని దళాల కోసం సైన్యం నెలకొల్పిన ఏఎఫ్ఎన్ రేడియో 1943 జూలై 4న లండన్‌లో మొదలై, 1945లో సైన్యంతో పాటే జర్మనీలో అడుగుపెట్టింది. మ్యూనిక్ కేంద్రం శ్రోతల మధ్య పెట్టిన ఓటింగులో ఓప్రీ గాయకుడు రాయ్ ఏకఫ్, అప్పటికే దేశమంతా వెర్రెత్తించిన ఫ్రాంక్ సినాట్రాను మించిపోయాడు. ఆ రేడియోను అమెరికన్ల కోసమే పెట్టినా, చుట్టుపక్కల జర్మన్ ఇళ్లలోని రేడియోలకు అదేమీ అడ్డం కాలేదు. 1949 నవంబరులో రెడ్ ఫోలీ, రాయ్ ఏకఫ్, హ్యాంక్ విలియమ్స్, మిన్నీ పెర్ల్ తదితరులతో ఓప్రీ బృందం జర్మనీలోని స్థావరాలకు స్వయంగా వెళ్లి పాడింది. అంటే, జర్మనీ యువతిని గురించి కంట్రీ పాట పుట్టేనాటికే ఆ యువతి కంట్రీ పాటను వింటూ ఉంది.

ఆమెతో సైనికుడు మాట్లాడటమే తొలుత నేరం. 1944 సెప్టెంబరులో అమెరికా దళాలు జర్మనీ గడ్డ మీద కాలు మోపేసరికి, సేనాపతి ఐసెన్‌హోవర్ ఆజ్ఞ ప్రకారం జర్మన్ పౌరులతో చెలిమి నిషిద్ధం. కరచాలనం, కబుర్లు, కానుకలు, కలిసి నడవడం అన్నీ ఆ నిషేధం కిందికే వచ్చేవి. పట్టుబడితే 65 డాలర్ల జరిమానా విధించేవారు. సాధారణ సిపాయి నెల జీతం 50 డాలర్లు, విదేశీ విధికి కలిపే అయిదోవంతు భత్యంతో 60 డాలర్లు అయ్యేది కనుక, ఒక సాయంత్రపు పలకరింపు ఖరీదు నెల జీతాన్ని దాటిపోయింది. అయినా ఆజ్ఞ నిలవలేదు. 1945 జూన్‌లో పిల్లలతో మాట్లాడేందుకు, జూలైలో వీధుల్లో పెద్దలతో మాట్లాడేందుకు అనుమతించి, అక్టోబరు 1 నుంచి నిషేధాన్ని దాదాపు పూర్తిగా ఎత్తివేశారు. జర్మన్ యువతిని పెళ్లాడేందుకు మాత్రం 1946 డిసెంబరు వరకు ఆగవలసి వచ్చింది.

పాటల్లో వినిపించని ఒక నిజాన్ని ఇక్కడ చెప్పక తప్పదు. ఆ చెలిమి సమానుల మధ్య చెలిమి కాదు. యుద్ధం ముగిశాక జర్మన్ నగరాలు రాళ్లగుట్టలుగా మిగిలాయి. మగవాళ్లు లక్షల సంఖ్యలో చనిపోయారు, లేదా ఖైదీల శిబిరాల్లో ఉన్నారు. రేషన్ తిండి కడుపు నింపేది కాదు. 1948 జూన్‌లో కొత్త డాయిచ్ మార్కు వచ్చే వరకు దొంగబజారులో డబ్బు స్థానంలో అమెరికన్ సిగరెట్లే చెల్లుబాటయ్యేవి. సైనికుల దుకాణంలో చవకగా దొరికే సిగరెట్లు, చాక్లెట్లు, కాఫీపొడి జేబులో వేసుకొని వచ్చే కుర్రవాడి ప్రేమకూ, ఇంట్లో తల్లికీ తమ్ముళ్లకీ రొట్టె సంపాదించవలసిన పిల్ల ప్రేమకూ మధ్య గల దూరాన్ని ఏ కంట్రీ పాటా కొలవలేదు. అందులో నిజమైన అనురాగాలు ఉన్నాయి, వేల పెళ్లిళ్లు నిలిచాయి. ఆకలి నడిపిన పరిచయాలు కూడా ఉన్నాయి. పాట మొదటి రకాన్నే ఏరుకుంది. శ్రోతకు జ్ఞాపకం కావాలి, లెక్క అక్కర్లేదు అన్నది ఆ ఎంపికలోని తర్కం.

ఈ వెనుకటి కథతో చూసినప్పుడే 'ఫ్రాయిలైన్' అన్న పాట విలువ తెలుస్తుంది. ఫ్రాయిలైన్ అన్నది పెళ్లికాని స్త్రీని జర్మన్లు మర్యాదగా పిలిచే పిలుపు. సైనికుల నోట అది జర్మన్ యువతులందరికీ పేరైంది. ఇండియానా రాష్ట్రానికి చెందిన బాబీ హెల్మ్స్ ఇరవై మూడు ఇరవై నాలుగేళ్ల వయసులో డెక్కా కంపెనీకి పాడిన ఈ రికార్డు 1957లో విడుదలై, 'బిల్‌బోర్డ్' పత్రిక వారం వారం ప్రకటించే కంట్రీ పట్టికలో నాలుగు వారాలు మొదటి స్థానంలో నిలిచి, మొత్తం 52 వారాలు, అంటే సరిగ్గా ఏడాది పాటు, ఆ పట్టికను విడిచిపెట్టలేదు. కంట్రీ శ్రోతలు కానివారు కొనే పాప్ పట్టికలో సైతం అది తొలి నలభైలోకి చేరింది. అదే ఏడాది హెల్మ్స్ 'మై స్పెషల్ ఏంజెల్', క్రిస్మస్ పాట 'జింగిల్ బెల్ రాక్' కూడా పాడాడు. ఈనాటికీ ప్రతి డిసెంబరులో వినబడేది ఆ చివరిదే.

'ఫ్రాయిలైన్' కట్టుబాటు చాలా సన్నని దారం మీద నడుస్తుంది. సముద్రానికి ఆవల రైన్ నది ఒడ్డున ఒక జర్మన్ ముసలాయన కూతురు ఉంది. కథకుడు ఆమెను ప్రేమించాడు, విడిచి వచ్చాడు, మరువలేకపోతున్నాడు. ఇద్దరి మీదా ఒకే ఆకాశం వెలుగుతోందన్న ఊరటతో రోజులు వెళ్లదీస్తున్నాడు. అంతకుమించి సంఘటన ఏదీ లేదు. యుద్ధం మాట లేదు, సైన్యం మాట లేదు, ఓడిన దేశమన్న సూచన లేదు, ఆమెకు పేరు కూడా లేదు. ఎందుకు విడిచి వచ్చాడో చెప్పడు, ఎందుకు తిరిగి వెళ్లడో చెప్పడు. ఉద్యోగ గడువు తీరి పంపివేయబడిన ప్రతి మాజీ సైనికుడూ తన సొంత కారణాన్ని ఆ ఖాళీలో నింపుకునే వీలు ఉండటమే ఈ పాటకు బలం. 1950లలో నిర్బంధ సైనిక సేవ చట్టం అమలులో ఉంది. సోవియట్ యూనియన్‌తో ప్రచ్ఛన్న యుద్ధం కారణంగా పశ్చిమ జర్మనీలో దాదాపు రెండున్నర లక్షల అమెరికా సైనికులు ఎప్పుడూ ఉండేవారు, రెండేళ్లకొకమారు పాతవారు పోయి కొత్తవారు వచ్చేవారు. ఆ లెక్కన పదేళ్లలో ఎంతమంది కుర్రవాళ్లు రైన్ ఒడ్డును ఎరిగి ఇంటికి చేరారో ఊహించవచ్చు. వారిలో చాలామంది ఈ పాట మోగేనాటికి సొంత ఊళ్లో మరో అమ్మాయిని పెళ్లాడి, పిల్లల తండ్రులై ఉన్నవారే. పాత ప్రేమను తలుచుకోవడానికి భార్య ఎదుటే అనుమతి ఇచ్చిన పాటగా దీనిని చూడటం అతిశయోక్తి కాదు.

ఆ అనుమతి తెల్లజాతి జర్మన్ యువతి వరకు సులువే. జపాన్ యువతి విషయంలో పాటకన్నా ముందు చట్టం అడ్డుపడింది. 1945 డిసెంబరు 28న అమెరికా చేసిన యుద్ధవధువుల చట్టం విదేశాల్లో పెళ్లాడిన సైనికుల భార్యలను వలస కోటాలతో నిమిత్తం లేకుండా దేశంలోకి రానిచ్చింది. 1946 జూన్ 29 నాటి మరో చట్టం, పెళ్లి ఇంకా కాని కాబోయే భార్యలకూ తాత్కాలిక ప్రవేశం కల్పించింది. అయితే 1924 వలస చట్టం పౌరసత్వానికి అనర్హులని ముద్రవేసిన జాతుల వారికి, వారిలో ముఖ్యంగా జపాన్ వారికి, ఈ రెండూ అక్కరకు రాలేదు. 1947 జూలైలో జాతి నియమాన్ని సడలిస్తూ, సవరణ వెలువడిన 30 రోజుల లోపు జరిగిన పెళ్లిళ్లకే అది వర్తిస్తుందని గడువు పెట్టడంతో, అప్పటికే పెళ్లి నిశ్చయించుకున్న జంటలు టోక్యోలోని అమెరికా కార్యాలయం ముందు వరుసలు కట్టాయి. శాశ్వతంగా ఆ తలుపు తెరిచినది 1952 నాటి మెక్‌కారన్-వాల్టర్ చట్టం. ఆసియా వారు అమెరికా పౌరులు కారాదన్న జాతి నిబంధనను అది తొలగించింది.

భారతీయులకు సంబంధించిన ఒక చిన్న ముడి ఇక్కడే ఉంది. 1946 జూలై 2న సంతకమైన లూస్-సెల్లర్ చట్టం ఫిలిపినోలకూ భారతీయులకూ ఒకే కలంపోటుతో పౌరసత్వ అర్హతను ఇచ్చి, ఏడాదికి చెరో వందమంది చొప్పున వలస కోటాను కేటాయించింది. రెండు రోజులకే, జూలై 4న, ఫిలిప్పీన్స్ స్వతంత్ర దేశమైంది. 'ఫిలిపినో బేబీ' మూడు గొంతుల్లో అమెరికా అంతటా మోగుతున్న ఆ ఏడాది, ఆ పాటలోని పిల్ల పుట్టిన దీవుల నుంచి వచ్చే మామూలు వలసదారులకు ఆ దేశం తెరిచిన తలుపు వెడల్పు ఏడాదికి వంద మంది మాత్రమే. భీమవరంలో పుట్టి 1920ల ఆరంభంలో అమెరికా చేరి, వైద్యరంగానికి అమూల్యమైన ఔషధ పరిశోధనలు అందించిన యల్లాప్రగడ సుబ్బారావు 1948లో కన్నుమూసేనాటికి ఆ దేశ పౌరుడు కాకుండానే ఉన్నారన్నది తలుచుకుంటే, ఈ చట్టాల గోడలు ఎవరెవరి జీవితాల మధ్య నిలిచాయో తెలుగు పాఠకులకు దగ్గరగా బోధపడుతుంది.

దేశంలోకి రావడం ఒక గండమైతే, వచ్చాక కాపురం మరో గండం. వేర్వేరు జాతుల మధ్య పెళ్లిని నేరంగా పరిగణించే రాష్ట్ర చట్టాలు కంట్రీ సంగీతానికి కంచుకోట అయిన దక్షిణాదిలోనే గట్టిగా పాతుకొని ఉన్నాయి. మిసిసిపీ వంటి చోట్ల ఆ నిషేధం తూర్పు ఆసియా వారికి కూడా పేరు పెట్టి మరీ వర్తించేది. కాలిఫోర్నియా సర్వోన్నత న్యాయస్థానం తమ రాష్ట్రపు చట్టాన్ని 1948లోనే కొట్టివేసినా, దేశమంతటికీ వర్తించే తీర్పు వచ్చేసరికి 1967 అయింది. టోక్యోలో సైన్యం అనుమతితో, మతగురువు ఆశీస్సులతో జరిగిన పెళ్లి, వరుడి సొంత జిల్లాలో చెల్లకుండా పోయే ప్రమాదం ఉండేది.

ఇలాంటి కాలంలో లాటన్ విలియమ్స్ రాసిన 'గీషా గర్ల్' పాటను ఫ్లోరిడా గాయకుడు హ్యాంక్ లాక్లిన్ 1957లో ఆర్‌సీఏ విక్టర్ కంపెనీకి పాడగా అది కంట్రీ పట్టికలో నాలుగవ స్థానానికి చేరింది. గీషా అంటే జపాన్‌లో నృత్యం, గానం, షమిసెన్ అనే మూడు తంత్రుల వాద్యం, అతిథి సంభాషణ చిన్ననాటి నుంచి అభ్యసించిన కళావృత్తి స్త్రీ. ఆక్రమణ కాలపు సైనికులు ఆ మాటను సారాకొట్టులో పరిచయమైన ఏ జపాన్ యువతికైనా అంటగట్టారు. పాట కూడా ఆ పొరపాటునే మోసింది. అయినా ఈ పాటలోని కథ 'ఫ్రాయిలైన్' కన్నా ఎంతో తెగువైనది. కథకుడు ఒక రాత్రి తనకు అర్థం కాని భాషలో ప్రేమగీతం విన్నాడు, పాడిన ఆమెకు మనసిచ్చాడు. ఇప్పుడు స్వదేశంలో తన కోసం ఎదురుచూస్తున్న అమ్మాయికి తాను రానని చెబుతున్నాడు, తాను సుఖంగానే ఉన్నానని ఊళ్లోవాళ్లకు కబురు పెడుతున్నాడు. జర్మనీ యువతిని విడిచి ఇంటికి వచ్చిన కథకుడు, జపాన్ యువతి కోసం ఇంటినే విడిచాడు.

ఒకే రచయిత, ఒకే ఏడు, రెండు వేర్వేరు ముగింపులు. ఇందులో ఉదారత లేదనలేం. కాని రెండు ముగింపుల్లోనూ, 'ఫిలిపినో బేబీ' ముగింపును కలుపుకుంటే మూడింటిలోనూ, సముద్రం దాటి అమెరికాకు రానిది ఆ పిల్లే. ఒకరిని జ్ఞాపకంగా అక్కడే ఉంచారు, ఒకరిని ఆమె దీవిలోనే పెళ్లాడారు, మరొకరి దగ్గర తామే ఉండిపోయారు. మిసిసిపీ పల్లె చర్చిలో ఆదివారం ఉదయం ఒక జపాన్ కోడలు అత్త పక్కన కూర్చునే దృశ్యాన్ని మాత్రం ఈ పాటల్లో ఏదీ ఊహించడానికి సాహసించలేదు. అప్పటికే వేలాది జర్మన్, జపాన్ వధువులు ఓడలు దిగి అలాంటి ఆదివారాలనే భరిస్తున్నారు. కథకుణ్ణి దేశం నుంచి పంపివేయడం, ఆమెను దేశంలోకి తీసుకురావడం కన్నా ఆనాటి శ్రోతకు సులువుగా మింగుడుపడే ముగింపు. ఈ మూడు పాటల లోతైన పొందిక అక్కడే ఉంది. ఇదే విషయాన్ని జేమ్స్ మిచెనర్ నవల ఆధారంగా అదే 1957 డిసెంబరులో విడుదలైన 'సయొనారా' చిత్రం ధైర్యంగా ముట్టుకుంది. సైనికుణ్ణి పెళ్లాడిన జపాన్ యువతిగా నటించిన మియోషీ ఉమేకీకి ఆస్కార్ దక్కింది. అయితే ఆ చిత్రంలో ఆమె పాత్ర, ఆమె భర్త పాత్ర అమెరికాకు చేరకుండానే ప్రాణాలు తీసుకుంటారు.

ఇంటి దగ్గర మిగిలిన అమ్మాయి సంగతి ఏమిటన్న ప్రశ్నకు కంట్రీ సంగీతంలో ఒక సిద్ధమైన మార్గం ఉంది. దానిని జవాబు పాట అంటారు: ఒక పాట జనాదరణ పొందగానే, అదే బాణీలో, ఎదుటి పాత్ర నోట మరో పాట కట్టి విడుదల చేయడం. బావా మరదళ్ల సంవాద గేయాలు ఎరిగిన తెలుగువారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. తేడా ఏమిటంటే ఇక్కడ జవాబు చెప్పించేది రికార్డు కంపెనీల వ్యాపారం, అందులోనూ చాలాసార్లు ప్రశ్నను అమ్మిన కంపెనీయే జవాబునూ అమ్ముతుంది. 'గీషా గర్ల్'ను అమ్మిన ఆర్‌సీఏ విక్టరే స్కీటర్ డేవిస్ చేత 'లాస్ట్ టు ఎ గీషా గర్ల్' పాడించింది. 1958 మొదట్లో పట్టికలో పదిహేనవ స్థానానికి చేరిన ఆ పాటలో, ప్రియుణ్ణి పరాయిదేశపు పిల్లకు పోగొట్టుకున్న అమ్మాయి తన దుఃఖం చెప్పుకుంటుంది. జంటగాయని బెటీ జాక్ డేవిస్‌ను 1953లో కారు ప్రమాదంలో పోగొట్టుకున్న స్కీటర్‌కు ఒంటరిగా దక్కిన తొలి విజయం ఇదే కావడం వల్లనో ఏమో, ఆ గొంతులోని నష్టం మామూలు జవాబు పాటలకన్నా బరువుగా వినిపిస్తుంది.

డెక్కా కంపెనీ 'ఫ్రాయిలైన్'కు జవాబును కిట్టీ వెల్స్ చేత పాడించింది. 1952లో మగవాళ్ల నిందకు ఆడవాళ్ల తరఫున ఎదురు చెప్పిన పాటతో చరిత్రకెక్కిన ఆమె ఈసారి జర్మనీ యువతి గొంతుతో, తాను ఎప్పటికీ అతడి ఫ్రాయిలైన్‌నేనని మాట ఇచ్చింది. నాష్‌విల్‌లోనే పుట్టి పెరిగిన గాయని రైన్ ఒడ్డు పిల్లగా మాట్లాడటంలో ఆప్యాయత ఉంది. కాని ఆ పిల్లకు చిక్కిన మాట కూడా ఎదురుచూపు మాటే, ఆమె కోపం, ఆమె ఆకలి, ఆమె మరో జీవితం అందులో చోటు చేసుకోలేదు. మెర్క్యురీ కంపెనీ తరఫున జిమ్మీ స్కిన్నర్ మూడో దారి పట్టాడు: విదేశీ పిల్లల పాటలు ఎవరు ఎన్ని పాడుకున్నా తన పిల్ల తనకు అమెరికాలోనే దొరికిందని చాటిన అతడి రికార్డు కూడా తొలి అయిదింటిలోకి వెళ్లింది. శ్రోతల మనసు ఎంత ఊగిసలాడిందో ఈ మూడు జవాబుల అమ్మకాలే చెబుతాయి.

ఈ వరుసకు ముందు, తలకిందులుగా, మరొక ప్రసిద్ధమైన పాట ఉంది. సరిహద్దుల్లో ఉన్న సైనికుడికి అతడి ప్రియురాలు రాసే తెగతెంపుల ఉత్తరాన్ని రెండవ ప్రపంచ యుద్ధకాలం నుంచి 'డియర్ జాన్' ఉత్తరం అనేవారు. కొరియా యుద్ధం చివరి నెలల్లో జీన్ షెపర్డ్, ఫెర్లిన్ హస్కీ కలిసి రికార్డు చేసిన 'ఎ డియర్ జాన్ లెటర్' 1953లో కంట్రీ పట్టికలో మొదటి స్థానానికి చేరి, పాప్ పట్టికలో నాలుగవ స్థానం వరకు వెళ్లింది. యుద్ధభూమిలో ఉన్న జాన్‌కు వచ్చిన ఉత్తరంలో ఆమె, తాను అతడి సోదరుడినే పెళ్లాడబోతున్నానని తెలుపుతుంది. అప్పటికి మైనారిటీ తీరని జీన్ షెపర్డ్ రాష్ట్రాలు దాటి కచేరీలకు వెళ్లేందుకు హస్కీ చట్టపరంగా సంరక్షకుడు కావలసి వచ్చింది. కొరియాలో యుద్ధవిరమణ జూలై 27న కుదిరింది. సైనికులు ఇళ్లకు తిరిగి వస్తున్న వేసవిలో ఈ పాట ఎన్ని ఇళ్లలో ఇబ్బందికరమైన మౌనాన్ని కలిగించిందో చెప్పలేం గాని, నాలుగేళ్ల తరువాత వచ్చిన విదేశీ ప్రియురాలి పాటలు ఆ అవమానానికి ఊరడింపుగా కూడా పనిచేశాయని భావించడానికి ఆస్కారం ఉంది. ద్రోహం చేసే అమ్మాయి ఇంటి దగ్గర, నమ్మకంగా ఎదురుచూసే అమ్మాయి సముద్రానికి ఆవల: 1950ల కంట్రీ పాట ఈ రెండు బొమ్మలనూ ఒకే గోడకు వేలాడదీసింది.

1958లో హ్యాంక్ లాక్లిన్ 'ఫారిన్ లవ్' పేరిట ఒక పూర్తి రికార్డునే ఇలాంటి పాటలతో తెచ్చాడు. జర్మనీ, జపాన్, ఫిలిప్పీన్స్, మెక్సికో అని దేశాల వారీగా ప్రియురాళ్లను పేర్చుకుంటూ పోయిన ఆ సంకలనంతో ఈ ధోరణి వ్యాపార వస్తువుగా మారిపోయింది. అనుభవం నుంచి పుట్టిన పాట జాబితా అయిపోయిన చోట దాని నిజాయితీ సన్నగిల్లడం సహజం.

కంట్రీ పాట ఊహించిన జపాన్ యువతికీ, ఆ పాటను నిజంగా విన్న జపాన్ యువతికీ గల తేడాను చూపడానికి చియెమీ ఎరి ఉదాహరణ చాలు. 1937లో పుట్టిన ఆ అమ్మాయి చిన్నవయసులోనే అమెరికా సైనిక స్థావరాల్లో పాడుతూ పెరిగి, 1952 జనవరిలో, పదిహేనేళ్లకు, 'టెనెసీ వాల్ట్జ్' పాటను కొంత జపనీస్‌లో కొంత ఇంగ్లీషులో పాడి విడుదల చేసి సొంత దేశంలో తారగా వెలిగింది. ఆ పాట రచయితల్లో ఒకడైన రెడ్ స్టువర్ట్ దక్షిణ పసిఫిక్‌లో సైనికుడిగా పనిచేస్తూ 'సోల్జర్స్ లాస్ట్ లెటర్' రాసినవాడు. అంటే, జపాన్‌తో యుద్ధంలో ఉండగా అమెరికా తల్లుల కన్నీటి పాట రాసిన చేతితోనే పుట్టిన మరో పాటను, యుద్ధం ముగిసిన ఏడేళ్లకు ఒక జపాన్ బాలిక తన పాటగా చేసుకుంది. 'గీషా గర్ల్' కథకుడు తనకు అర్థం కాని పాటను విని మురిసిపోయాడు. చియెమీ ఎరి అతడి ఊరి పాటనే అర్థం చేసుకొని పాడింది. నాష్‌విల్ ఈ వాస్తవాన్ని పాటగా మలచుకొని ఉంటే ఎంత గొప్ప పాట వచ్చి ఉండేదో.

వధువుల వైపు నుంచి చూసినా అంతే. 1951 నుంచి అమెరికన్ రెడ్‌క్రాస్ జపాన్‌లో వధువుల పాఠశాలలు నడిపింది. అమెరికా వంటలు, ఇంటి నిర్వహణ, అక్కడి ఆచారాలు అందులో నేర్పేవారు. ఆ చదువు ముగించుకొని ఓడెక్కిన స్త్రీలు నెబ్రాస్కా పొలాల్లో, టెక్సస్ స్థావర పట్టణాల్లో, తమ భాష తెలిసినవారు ఒక్కరూ లేని వీధుల్లో పిల్లలను పెంచారు. కొందరికి అత్తమామల ఆదరణ దొరికింది, మరికొందరికి గడప దగ్గరే తలుపు మూసుకుంది. ఆ కాపురాల కథ, నిజానికి కంట్రీ సంగీతం ఎంతో ఇష్టంగా చెప్పే కథల జాతికే చెందినది: పేదరికం, ఒంటరితనం, పుట్టింటి మీద బెంగ, మొండి ప్రేమ. అయినా అది పాట కాలేదు.

సైనికుల్లోనే రచయితలు తలెత్తిన తరువాత ఈ విషయంలో కొంత నిజం చోటు చేసుకుంది. 1951 నుంచి 1954 వరకు జర్మనీలోని లాండ్స్‌బర్గ్ వైమానిక స్థావరంలో సోవియట్ల మోర్స్ సంకేతాలను వింటూ గడిపిన జానీ క్యాష్, టెక్సస్‌లోని వివియన్ లిబర్టోకు ఆ కాలమంతా ఉత్తరాలు రాసి, తిరిగి రాగానే ఆమెనే పెళ్లాడాడు. గిటారు కొని, తోటివారితో జట్టుకట్టి పాడటం అతడు ఆరంభించింది అక్కడే. 1950ల చివర జర్మనీలో సైనికుడిగా ఉండి సైనిక రేడియోలో పాడిన టామ్ టి. హాల్ 1970లో 'సెల్యూట్ టు ఎ స్విచ్‌బ్లేడ్' అనే పాట రాసి పాడాడు. జర్మనీ సారాకొట్టులో మొదలైన ఒక పరిచయం మీట నొక్కితే విచ్చుకొనే చాకు దగ్గర తేలే ఆ కథలో చంద్రుడూ లేడు, నక్షత్రాలూ లేవు, నది కూడా లేదు. చేతిలో బీరు గ్లాసు, భయంతో పరుగు ఉన్నాయి. ఆ స్థావరాల పక్కన ఉండి వచ్చినవాడు మాత్రమే రాయగల పాట అది. మరోవైపు 'ఫ్రాయిలైన్' తన దారిన తాను బతుకుతూనే ఉంది. టెక్సస్ కవిగాయకుడు టౌన్స్ వాన్ జాంట్ తన తండ్రికి ఎంతో ఇష్టమైన ఆ పాటను 1972లో రికార్డు చేశాడు. 2017లో కెనడా గాయకుడు కోల్టర్ వాల్, కెంటకీ గాయకుడు టైలర్ చైల్డర్స్ కలిసి పాడారు. ఆ ఇద్దరూ పుట్టేసరికే ఆక్రమణ సైన్యం తరం మనవలను ఎత్తుకుంటూ ఉంది.

1967 జూన్ 12న అమెరికా సుప్రీంకోర్టు లవింగ్ కేసులో ఇచ్చిన తీర్పుతో, జాతుల మధ్య పెళ్లిని నిషేధిస్తూ అప్పటికి పదహారు రాష్ట్రాల్లో మిగిలి ఉన్న చట్టాలు చెల్లకుండా పోయాయి. తీర్పు వెలువడేనాటికి అయిదు లక్షలకు చేరువవుతున్న అమెరికా సైన్యం వియత్నాంలో ఉంది. పెళ్లికూతురు సముద్రం దాటి రావడానికి చట్టం అడ్డు తొలగినా, ఈసారి కంట్రీ పాట మళ్లీ ఇంటి దగ్గరి అమ్మాయి వైపే, ఉత్తరాల వైపే ఎందుకు మళ్లిందన్నది ఎనిమిదవ భాగంలో.